కింద నాలుగడుగులు

పోయిన నెల సంగారెడ్డిలో ఒక పెళ్లికి వెళ్తూ చిట్కుల్ మలుపు దగ్గర ఆటో ఆపించాను. రోడ్డు వెడల్పు చేయడానికి అక్కడి పాత దుకాణాలు పడగొట్టారు. ఒక దుకాణం పోయేసరికి, దాని వెనక ఇన్నేళ్లూ ఎండావానా తగలకుండా దాక్కున్న ఇంటి గోడ ఒకటి బయటపడింది. లేత నీలం రంగు, పెచ్చులూడిన చోట ఎర్రటి అక్షరాల ముక్కలు, వాటి పక్కన పసుపు రంగులో వంకర పలక ఒకటి. కింద నాలుగడుగుల ఎత్తు వరకు మాత్రం ఏ రంగూ లేదు, ఉత్త సున్నం.

"ఏముంది సారు గా గోడల? పెండ్లికి లేటయితది," అన్నాడు ఆటో డ్రైవరు.

గోడ మీద కింది నాలుగడుగులు అట్లా వదిలిపెట్టే మనిషి ఈ రోడ్డు మొత్తానికి ఒక్కడే ఉండేవాడు.

ఆయన గోడల మీద ప్రకటనలు రాసే పెయింటరు. పేరు చెప్పను. పఠాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ఎన్ని గోడలు రాశాడో ఆయనకే తెలియదు, ఒక్కదాని మూలన కూడా తన పేరు రాసుకోలేదు. ఇప్పుడు నేను రాస్తే బాగుండదు. ఊళ్లలో అందరూ మేస్త్రి అనేవారు. నేనూ మేస్త్రిగారూ అనేవాణ్ణి.

డెబ్బైల మొదట్లో నేను కృష్ణా జిల్లా నుంచి వచ్చి, రామచంద్రాపురంలో మా బావ క్వార్టర్లో ముందుగదిలో మడతమంచం వేసుకున్నాను. బావ పనిచేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరుకుతుందని వచ్చి, అది దొరక్క, ఆబిడ్స్‌లో ఒక అడ్వర్టైజింగ్ కంపెనీలో చేరాను. ఆ మాట వినగానే మా ఊళ్లో వాళ్లు సినిమా తారలకు ఫొటోలు తీయించే పని అనుకున్నారు. వాళ్ల సంతోషం నేనెందుకు చెడగొట్టాలని ఊరుకున్నాను. అసలు పని ఏమిటంటే, పొద్దున్నే పఠాన్‌చెరులో బస్సు దిగి, చేతిలో టేపు, సంచిలో అనుమతి కాయితాలు పెట్టుకుని, బస్సులకు కనబడే గోడ ఏ ఇంటికుందో వెతకడం. ఆ ఇంటాయన చేత వేలిముద్ర వేయించుకోవడం. కుక్కలు వెంటపడితే పరిగెత్తడం. గోడ తయారయ్యాక ఫొటో తీసి ఆఫీసుకు పంపడం. సాయంత్రానికి చొక్కా నిండా సున్నం, చెప్పుల నిండా నల్లరేగడి. మా అక్క నన్ను వాకిట్లోనే ఆపి బకెట్టుతో నీళ్లు ఇచ్చేది.

ఆ ఉద్యోగం కూడా అప్పటికి టెంపరరీయే. పెళ్లయి ఏడాది దాటినా మా ఆవిడ పుట్టింట్లోనే ఉంది. ఉద్యోగం పర్మనెంటయ్యాకే కాపురం పెడతానని మా మామగారితో గొప్పగా అన్నాను. అన్నాక ఆ మాట గొంతులో ఎముకలా అడ్డం పడింది.

మేస్త్రి అప్పటికి యాభై దాటినవాడు. సన్నటి మనిషి, ఎప్పుడూ ఒకే ఖాకీ నిక్కరు, మోకాళ్ల దాకా రంగుల మరకలు. కొండాపూర్ వైపు ఒక ఊళ్లో ఇల్లు. వాళ్ల నాన్న చర్చి బడిలో పంతులు. అక్షరాలు ఆయన దగ్గరే దిద్దానని, అక్షరం తప్పు రాస్తే చేతి మీద పడిన బెత్తం దెబ్బ ఇంకా గుర్తుందని చెప్పేవాడు. సైకిలు హ్యాండిలుకు రెండు పక్కలా రంగు డబ్బాలు, వెనక సున్నం బకెట్టు. సున్నం కొట్టే కుంచె కొనేవాడు కాదు, ఈతమట్ట చివర రాయితో నలగ్గొట్టి తనే చేసుకునేవాడు.

ఆయన పని మొదలుపెట్టే పద్ధతి చూస్తే నాకు ఒళ్లు మండేది. ఇంటాయన వేలిముద్ర వేసిన కాయితం నా చేతిలో ఉంటుంది. అయినా ఆయన గోడను ముట్టుకోడు. వాకిట్లో నిలబడి, "అమ్మా, ఓ చెంబెడు నీళ్లియ్యుండ్రి," అంటాడు. ఆ ఇంటి ఆడమనిషి నీళ్లు తెచ్చి ఇవ్వాలి. ఆయన తాగాలి. తాగి, చెంబు తిరిగి ఇస్తూ మెల్లగా రెండు మాటలు చెప్పాలి. అప్పుడుగాని సున్నం బకెట్టు కిందికి దిగదు. ఆడవాళ్లు పొలానికి పోయి ఉంటే వాళ్లు వచ్చేదాకా అరుగు మీద కూర్చుంటాడు.

"కాయితం ఉందిగా మేస్త్రిగారూ," అంటే నవ్వేవాడు.

"కాయితం మొగోళ్లు ఇస్తరు సారు. గోడ ఆడోళ్లది."

నీలిమందు అద్దిన దారాన్ని గోడకు రెండు వైపులా బిగించి, మధ్యలో లాగి వదిలితే టప్పున నీలిగీత పడేది. అవతలి కొస పట్టుకునే పని నాది. నాలుగక్షరాలు రాశాక ఆయన కుంచె పట్టుకుని వెనక్కి నడవడం మొదలుపెట్టేవాడు. ఒకటీ రెండూ మూడూ అని అడుగులు లెక్కబెట్టుకుంటూ, వెనక్కి చూడకుండా, రోడ్డుకు అడ్డంగా. లారీలు వస్తున్నా ఆగడు. సరిగ్గా అవతలి అంచున ఆగి, ఒక కన్ను మూసి చూసి, మళ్లీ వచ్చేవాడు. అక్కడినుంచే ఎందుకు చూడాలని ఒకసారి అడిగాను.

"బస్సుల కూసున్నోడు ఆడికెంచే సూస్తడు గద. ఆనికి మూడు మాటలు కనిపిస్తయ్, నాలుగోది కనిపియ్యది. గా మూడు మాటలకు కడుపు నిండుగుండాలె," అన్నాడు. అక్షరం లోపలి ఖాళీని ఆయన కడుపు అనేవాడు.

ఇంకో తలనొప్పి ఆయన నిజాయితీ. గోడ మీద సబ్బో టీపొడో రాస్తుంటే చుట్టుపక్కల ఆడవాళ్లు చేరి, "మంచిదేనా మేస్త్రీ?" అని అడిగేవారు. పక్కన కంపెనీ మనిషిని నేను నిలబడి ఉంటాను. ఆయన కుంచె ఆపకుండా, "నేను వాడలే అమ్మా. మా ఇంట్ల కుంకుడుకాయలే. అక్షరాలు మాత్రం మంచిగొస్తున్నయ్," అనేవాడు. ఒకసారి చాటుకు పిలిచి, మంచిదని ఒక్క ముక్క అంటే మన సొమ్మేం పోతుందని గట్టిగా అడిగాను. "అనొచ్చు సారు. గని రేపు మల్ల గీ అమ్మ చేతి నీళ్లే తాగాలె గద," అన్నాడు. కోపం వచ్చింది. మనిషి మీద ఇష్టం కూడా అప్పుడే మొదలైంది.

ఆ ఏడు దసరాకు ముందు మా కంపెనీకి బట్టల సబ్బు ప్రకటన పని ఒకటి దొరికింది. ఈ రోడ్డు మీద నలభై గోడలు రాయాలి. దీపావళి దాటాక బొంబాయి నుంచి సబ్బు కంపెనీ ఆఫీసరు కారులో వచ్చి చూస్తాడు. ఆయనకు నచ్చితే మిగతా రోడ్లన్నీ మావే. మా మేనేజరు నన్ను గదిలోకి పిలిచి, నలభై గోడలూ బాగుంటే నువ్వు పర్మనెంటు, లేకపోతే వేరే దారి చూసుకో అని రెండే మాటలు చెప్పాడు. ఆ రాత్రే మా ఆవిడకు ఉత్తరం రాశాను, సామాను సర్దుకోమని.

బొమ్మ బొంబాయిలోనే గీసి పంపారు. గోడ పైనుంచి నేల దాకా నీలం. పైన ఎర్రటి అక్షరాల్లో పేరు, కింద నేలకు ఆనుకుని పెద్ద పసుపు సబ్బుబిళ్ల. మేస్త్రి ఆ కాయితం చాలాసేపు చూశాడు.

"కింద నాలుగడుగులు ఇడిసిపెడ్దం సారు. నేనెప్పుడు గట్లనే ఇడుస్త."

"ఎందుకు?"

"ఆడోళ్లు పిడ్కలు కొట్టుకుంటరు. వానలు ఎల్లంగనే షురువైతది."

నేను ఒప్పుకోలేదు. బొంబాయి వాళ్లు గీసిన బొమ్మను పిడకల కోసం మార్చామని మేనేజరుకు ఏ ముఖంతో చెప్పేది? బొమ్మ బొమ్మే, కింది దాకా వేయాల్సిందే అన్నాను. ఆయన "మీరు ఆఫీసు మనిషి," అని కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేల దాకా అడుగు తగ్గకుండా నలభై గోడలూ రాశాడు. అయితే చెంబు తిరిగి ఇచ్చేటప్పుడు చెప్పే రెండు మాటలు మాత్రం ఎప్పటిలాగే చెప్పాడు. అవేమిటని నేను ఎప్పుడూ వినిపించుకోలేదు. ఈ కథలో పెద్ద తప్పు అదే, అది నాదే.

ఆ తరువాత జహీరాబాద్ వైపు వేరే పని మీద వెళ్లి మూడు వారాలకు తిరిగొచ్చాను. ఆఫీసరు రావడానికి ఆరు రోజుల వ్యవధి ఉంది. పఠాన్‌చెరులో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. మొదటి గోడ చూసి లేచి నిలబడ్డాను. రెండోది, మూడోది, అన్నీ అంతే. పైన ఎర్రటి పేరు నిగనిగలాడుతోంది. కింద సబ్బుబిళ్ల ఉండాల్సిన చోట వరసలు తీరిన పిడకలు. ఒక్కొక్క పిడక మీద ఐదు వేళ్ల అచ్చు. బట్టలు తెల్లగా చేసే సబ్బు మీద పేడ.

చిట్కుల్ మలుపు దగ్గర దిగిపోయాను. అక్కడ గోడ ఒక ముసలవ్వది. ఒళ్లు తెలియని కోపంలో పిడకలు పీకడం మొదలుపెట్టాను. పొద్దున కొట్టినవి, పచ్చివి. చేతుల్లోనే విరిగి మోచేతుల దాకా కారాయి. అవ్వ బయటికి వచ్చి గడప మీద కూర్చుంది. అరవలేదు.

"తియ్యి బిడ్డా, తియ్యి. తీసి ఏడ పెడ్తవు? సంచిల పెట్టుకపోతవా?"

అప్పుడు ఆగి చూసుకున్నాను. ఇస్త్రీ చొక్కా, మెడలో ఆఫీసు కెమెరా, రెండు చేతుల నిండా పేడ. ఏడుపు తన్నుకొచ్చింది. పర్మనెంటు ఉద్యోగం, సామాను సర్దుకుంటున్న మా ఆవిడ, అన్నీ ఆ పేడలో కలిసిపోయినట్టే అనిపించింది.

మేస్త్రి ఎక్కడినుంచి చూశాడో, సైకిలు ఆపి దిగాడు. అవ్వ దగ్గర చెంబు తీసుకుని నా చేతుల మీద నీళ్లు పోశాడు.

"వాళ్లకు మీరే చెప్పారు కదూ?" అన్నాను.

"చెప్పిన సారు. అవ్వా, కింద నాలుగడుగులు నీవే అని ప్రతి ఇంట్ల చెప్త. గీసారీ చెప్పిన. అది చెప్పకుంటె నీళ్లెట్ల తాగుత?" అన్నాడు. తరువాత తల వంచుకుని, "మీకు రెండోసారి చెప్పకపోవుడు నాది తప్పు," అన్నాడు.

ఆయన రోడ్డు అవతలి దాకా వెనక్కి నడిచి, ఒక కన్ను మూసి, చాలాసేపు చూసి వచ్చాడు. పిడకలు మనం ముట్టుకోవద్దు, ఆడవాళ్లే తీసుకుంటారు, సబ్బునే పైకి తెచ్చి పేరు పక్కన పెడదాం, కింద ఉత్త సున్నం కొడదాం అన్నాడు. నలభై గోడలు ఆరు రోజుల్లో అవుతాయా అంటే, "ఐదే. ఐతారం నేను పనిచెయ్య," అన్నాడు.

నా జీవితంలో అంత ఒళ్లొంచి పనిచేసింది ఆ ఐదు రోజులే. సున్నం నేను కలిపేవాణ్ణి. తుమ్మబంక నానబెట్టి రంగులో కలపడం, బకెట్టు మోయడం, దారం కొస పట్టడం. ఆయన గోడ గోడకూ తిరిగి నీళ్లడిగేవాడు, తాగేవాడు. ఆడవాళ్లు వాళ్లంతట వాళ్లే ఎండిన పిడకలు తీసి, సున్నం ఆరాక మళ్లీ కొట్టుకునేవారు. ఒకావిడ నాకూ చెంబు ఇచ్చింది. మధ్యాహ్నం చెట్టు కింద ఆయన జొన్నరొట్టె సగం విరిచి నాకు పెట్టేవాడు. మా అక్క కట్టిన పెరుగన్నం చూసి, "మీ దిక్కు దీన్ని తిండంటరా సారు," అని ఏడిపించేవాడు. పనిలో ఉండగా సన్నగా చర్చి కీర్తనలు తీసేవాడు. భయం ఉన్నా, ఆ రోజుల్లో నేను సంతోషంగానే ఉన్నాను. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు కూడా.

శనివారం పొద్దుగూకేసరికి ముప్పైతొమ్మిది గోడలయ్యాయి. మిగిలింది చిట్కుల్ మలుపులో అవ్వది. సున్నం, నీలం వేసి పేరు వరకు రాయడం అయింది, సబ్బు ఒక్కటే మిగిలింది.

"సోమారం కోడి కూసే యాళ్లకు వస్త. కారొచ్చే వరకు ఆరిపోతది," అన్నాడు.

"రేపు ఒక్క గంట రాకూడదా?"

"రేపు రాను సారు."

ఆదివారం నాకు కాలు నిలవలేదు. కోడి కూసే వేళకు ఆయనకు జ్వరం వస్తే? సైకిలు టైరు పేలితే? మధ్యాహ్నం బస్సెక్కి చిట్కుల్ మలుపుకు పోయాను. ఆయన రంగు డబ్బాలు అవ్వ ఇంట్లోనే ఉన్నాయి. పద్ధతి ప్రకారం చెంబెడు నీళ్లడిగాను.

"మేస్త్రి రాలే?" అంది అవ్వ.

"చర్చికి వెళ్లాడు. ఇవాళ నేనే వేస్తాను."

ఆమె నన్ను కింది నుంచి పై దాకా చూసి నీళ్లిచ్చింది. ఐదు రోజులు పక్కన నిలబడి చూసిన పనే కదా అనుకున్నాను. దారం పట్టేవాళ్లు లేక గీత వంకరపోయింది. దాన్ని సరిచేయబోతే ఇటు పక్క పెరిగింది, ఇటు సరిచేస్తే అటు. పసుపు రంగులో బంక ఎక్కువై ముద్దలు కట్టింది. అవ్వ గడప మీద కూర్చుని అంతా చూసి, చివరికి, "ఏంది బిడ్డా గది, ఇటుకనా?" అని అడిగింది.

సోమవారం చెప్పిన వేళకే మేస్త్రి వచ్చాడు. తెల్లవారే వెలుగులో గోడ చూశాడు. అడుగులు లెక్కబెట్టుకుంటూ వెనక్కి నడిచి అవతలినుంచి చూశాడు. తిరిగి వచ్చి నా ముఖం చూశాడు. నేను నేల చూపులు చూస్తున్నాను. తిడితే బాగుండుననిపించింది. ఆయన సబ్బు మీద వేలు ఆనించి చూసి, "బంక ఇంక పచ్చిగున్నది. ఇప్పుడు ముట్టుకుంటె ఇంక ఖరాబైతది. ఉండనియ్యుండ్రి," అని మాత్రం అన్నాడు.

ఎనిమిది గంటలకు కారు పఠాన్‌చెరు వచ్చింది, మేమిద్దరం అక్కడే ఎక్కాం. ఆఫీసరు, మా మేనేజరు వెనక సీట్లో ఉన్నారు. ముందు నేను, డ్రైవరుకూ నాకూ మధ్య మేస్త్రి ఇరుక్కుని కూర్చున్నాం. పఠాన్‌చెరు నుంచి మొదలుపెట్టి సంగారెడ్డి దాకా పోయాం. గోడలు చూసినకొద్దీ ఆఫీసరు ముఖం విచ్చుకుంటోంది. కింద పిడకల వరసలు, పైన పేరు, పక్కన సబ్బు. పిడకలు కొట్టుకుంటున్న ఆడవాళ్లంతా రోజూ తమ సబ్బు పేరు కిందే నిలబడతారని ఆయన తెగ మురిసిపోయాడు. బొమ్మ మార్చిన సంగతి కూడా అడగలేదు. వెళ్లేటప్పుడు లారీ అడ్డొచ్చి తప్పిపోయిన చిట్కుల్ మలుపు గోడ దగ్గర, తిరుగుదారిలో కారు నెమ్మదించింది. ఆఫీసరు ఆపమన్నాడు.

దిగి గోడ ముందు నిలబడ్డాడు. ఇదేమిటి, మా సరుకును వెక్కిరించడానికి వేశారా, ఇది ఎవరి చెయ్యి అని ఇంగ్లీషులో ఒకసారి, హిందీలో ఒకసారి అడిగాడు. మేనేజరు నా వైపు తిరిగాడు. పెయింటింగు నా పని కాదు. ఆఫీసరు చూసే గోడను నా అంతట నేను పాడుచేశానని తెలిస్తే ఆ క్షణమే నా పని అయిపోతుంది. చేతిలోని టేపు చుట్టుకుంటూ నిలబడ్డాను.

"మేరాచ్ హాత్ హై సాబ్," అన్నాడు మేస్త్రి. నా చెయ్యే సాబ్ అని. మేనేజరు వైపు తిరిగి, "వయసు మీద పడ్డది. చెయ్యి జెర వణుకుతున్నది. రేపు మంచిగ రాస్త."

అదే చెయ్యి ముప్పైతొమ్మిది గోడల మీద వెంట్రుకవాసి వణకలేదని నాకు తెలుసు. సబ్బు మంచిదని ఒక్క అబద్ధం ఆడని మనిషి. ఎన్నో గోడలు రాసి ఒక్కదాన్నీ నాదని చెప్పుకోనివాడు, తను వేయనిదాన్ని నాదన్నాడు. గడప మీద అవ్వ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, లోపలికి పోయింది.

ఆఫీసరు ఒక్క గోడే కదా అని తల ఊపి కారెక్కాడు. నెల తిరక్కుండా నేను పర్మనెంటయ్యాను. మా ఆవిడ వచ్చింది, రామచంద్రాపురంలోనే ఒక గది కిరాయికి తీసుకున్నాం. కంపెనీ ఇచ్చిన ఆ సబ్బుతో నాలుగు రోజులు ఉతికి, నురగే రాదని పక్కన పెట్టేసింది. ఆ మాట చెబితే మేస్త్రి రోడ్డు మధ్యలో నిలబడి పడీపడీ నవ్వాడు. అవ్వ గోడ మీద నా సబ్బుకు ఒక పూత సున్నం కొట్టి, దాని మీద తన సబ్బు వేశాడు. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఆఫీసులో మాత్రం అప్పటినుంచి ఆయనకు 'చెయ్యి వణికే మేస్త్రి' అని పేరు పడింది. కొత్త పని వచ్చినప్పుడల్లా మేనేజరు, "ఆ వణికే ఆయనేనా, చూసుకో మరి," అనేవాడు. చూసుకుంటానండీ అని నేను ఆయనకే పని ఇప్పించేవాణ్ణి, అంతకుమించి నోరు విప్పేవాణ్ణి కాదు. ఆ తరువాత వేరే ఊరికి బదిలీ అయ్యాను. ప్రతి క్రిస్మస్‌కూ ఆయన చేతిరాతతో ఒక కార్డు వచ్చేది, నీలం సిరాతో, అక్షరాలకు కడుపులు నిండుగా. ఒక ఏడు రాలేదు. ఆరా తీస్తే, ఆ వానాకాలమే పోయాడని వాళ్ల చర్చి అయ్యగారు రాశారు. చర్చి గోడ మీద వాక్యం రాయడానికి కొత్త మనిషి దొరకలేదని కూడా రాశారు. ఆ వంకర సబ్బు నాదేనన్న సంగతి నేను మా ఆవిడకు కూడా చెప్పలేదు.

ఆటో డ్రైవరు దిగి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. మేస్త్రి వేసిన పైపూత రాలిపోయి, దాని అడుగున నాది బయటపడింది.

"గా పసుపుదేంది సారు? ఇటుకనా?"

"సబ్బు," అన్నాను.

"ఎవరేసిన్రో గని, చెయ్యి తిరగలే."

"నేనే వేశాను," అన్నాను.